నొప్పి ఉన్న చోటు

గడియ ఊడింది. తలుపు గోడకు కొట్టుకుంది.

ఓబుళేసు గదిలోకి వచ్చాడు. తిమ్మక్క ఉయ్యాల పక్కన, గోడకు వీపు ఆనించి నిలబడి ఉంది. చప్పుడుకు చంటిపిల్ల లేచి ఏడ్చింది.

"బయటికి రా," అన్నాడు ఓబుళేసు.

"రాను."

"తిప్పేస్వామి గొర్రెలు ఇడిసిపెట్టి వచ్చినాడు. కమ్మి కాలతాండాది. మాటలు పెంచొద్దు."

"నేను పిలిస్తినా ఆయప్పను? పిలిచినోళ్లే పెట్టించుకోండి వాతలు."

ఓబుళేసు చెంప మీద కొట్టాడు. ఆమె తల గోడకు తగిలింది. గోడ సున్నం భుజం మీద రాలింది.

తల ఎత్తినప్పుడు ఆమెకు అతని చొక్కా కనిపించింది. గుండీల దగ్గర నెత్తురు ఉంది. అతనికి ఎక్కడా దెబ్బ లేదు.

"ఆ నెత్తురు ఎవరిది?"

"ఎవరిదైతే నీకేమి?"

"ఎవరిది?"

"నీ దర్జీది."

తిమ్మక్క ఉయ్యాల తాడు పట్టుకుంది. "దాదాపీరన్నను కొట్టినావా?"

"అన్న అంట, అన్న! కొట్టినా. మిషనుకేసి కొట్టినా. చెయ్యి ఇరిగింది. ఇంగ యా ఆడదాన్నీ కొలవడు."

"ఆయప్ప నన్ను కొలవలేదని పొద్దున్నుంచి చెప్తాండా."

"కొలవకుండా యాడ కుట్టినాడే? కల్లో చూసి కుట్టినాడా?"

ఆమె జవాబు చెప్పేలోగా అతను జుట్టు పట్టి లాగాడు. తిమ్మక్క గడప మీద పడింది. మోకాలు చీరుకుపోయింది. అతను చేయి వదల్లేదు. పెరట్లోకి ఈడ్చుకొచ్చాడు.

పెరట్లో ఎండ నెత్తి మీద ఉంది. మూడు రాళ్ల పొయ్యిలో కంది కట్టె మండుతోంది. నిప్పుల్లో కట్టెపిడి ఉన్న ఇనుప కమ్మి పెట్టి ఉంది. పొయ్యి ముందు తిప్పేస్వామి గొంతుక్కూర్చుని బీడీ తాగుతున్నాడు. ఊళ్లో ఎద్దు కుంటినా, మనిషికి కామెర్లు వచ్చినా వాతలు పెట్టేది అతనే.

పొయ్యికి ఇవతల, రవిక లోపల తొడుక్కునే బాడీ చిరిగి పడి ఉంది. డ్రిల్లు గుడ్డతో కుట్టింది. భుజాల మీది పట్టీలు నాలుగు వేళ్ల వెడల్పు. రొమ్ముల కింద నడుం చుట్టూ రెండు పొరల పట్టీ. పొద్దున ఓబుళేసు దాన్ని కాలి కింద తొక్కిపట్టి రెండు చేతులతో చించాడు.

తిమ్మక్క దాన్ని ఇరవై రోజులు కూడా తొడుక్కోలేదు.

ఆమె వయసు ఇరవై ఐదు. పెళ్లినాటికే రొమ్ముల బరువుకు భుజాలు ముందుకు లాగేవి. పిల్ల పుట్టాక బరువు పెరిగింది. మెడ కింద మొదలైన నొప్పి వీపు దిగి నడుం దాకా పోయేది. బావిలో నీళ్లు చేదితే వేళ్లు మొద్దుబారేవి. రవిక అంచు కోసి భుజాల మీద రెండు గాడులు పడ్డాయి. ఎండాకాలం చెమటకు రొమ్ముల కింద చర్మం ఒరిసి పుండయ్యేది.

అత్త మారెక్క పాత చీర చించి ఛాతీకి గట్టిగా చుట్టమంది. చుట్టింది. ఊపిరి ఆడలేదు. పాలు గడ్డకట్టి జ్వరం వచ్చింది. ఆ తర్వాత కరువు పనిలో, చెరువు కట్ట మీద, నెత్తి మీది మట్టి గంపతో సహా ముందుకు పడిపోయింది. గుంపులో పేరు కొట్టేస్తామన్నాడు మేస్త్రీ. ఆ ఏడు చేను పండలేదు. కరువు పనికి ఇచ్చే జొన్నలే ఇంట్లో గింజలు.

అప్పుడు దర్జీ పెళ్లాం రంజాన్ బీ ఆమెను బస్సెక్కించుకుని రాయదుర్గంలో లేడీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. బరువును అణచి కట్టొద్దు, కింద నుంచి మోసేట్టు కట్టుకోవాలి, భుజాల మీద పట్టీ వెడల్పుగా ఉండాలి అని డాక్టరు చెప్పింది. అట్లాంటిది అంగట్లో దొరకదు. కుట్టించుకోవాలి.

చిక్కు అక్కడ వచ్చింది. వాళ్ల ఊరు గుమ్మఘట్టలో దర్జీ ఆడవాళ్లను కొలవడు. ఇంటి నుంచి ఆది రవిక పంపుతారు. దాన్ని పరిచి, దాని కొలతకే కొత్తది కుట్టాలి. తిమ్మక్క ఇంటి నుంచి ఆది రవిక పోలేదు. బాడీ మాత్రం వచ్చింది. ఆ సంగతి కట్ట మీద ఆడవాళ్లకు తెలిసింది. వాళ్ల నుంచి టీ కొట్టు దగ్గర మగవాళ్లకు తెలిసింది.

"ఓబుళేసూ, నీ ఇంటిదాన్ని దాదాపీరు టేపుతో కొలిచినాడా, జేనతో కొలిచినాడా?" అని నిన్న ఒకడు అడిగాడు. అందరూ నవ్వారు.

ఓబుళేసు నవ్వలేదు.

"ఎద్దయితే నలుగురు పట్టాల," అన్నాడు తిప్పేస్వామి, బీడీ పారేసి. "ఆడమనిషికి ఇద్దురు సాలు. అవ్వా, నువ్వు కాళ్లు పట్టుకో."

పొయ్యి పక్కన కూర్చున్న మారెక్క లేచింది. తెల్లవారి నుంచి ఆమె ఏమీ తినలేదు. వాతలు పెట్టే రోజు ఇంటి పెద్ద ఉపవాసం ఉండాలి.

"భయపడొద్దుమే," అంది కోడలితో. "ఒక్క గడియ. కండ్లు మూసుకుంటే అయిపోతాది. నాకు పెట్టలేదా? సూడు."

ఆమె పక్కకు తిరిగి చీర చెంగు తీసింది. నడుం మీద అడ్డంగా మచ్చలు ఉన్నాయి. చర్మం అక్కడ ముడుచుకుపోయింది.

"మా అత్త పెట్టించింది. నేను కూడా ఏడిస్తి. మళ్ల లేసి జొన్నలు ఇసిరితి."

"నీ నొప్పి పోయిందా అత్తా?"

"పోయింది."

"మరి తెల్లారుజామున నడుం పట్టుకొని మూలిగేది ఎవురు?"

మారెక్క చెంగు సర్దుకుంది. "నోటికేం తక్కువ లేదు. నోటికి కూడా ఒకటి పెట్టప్పా తిప్పేస్వామీ."

తిప్పేస్వామి నవ్వాడు. ఓబుళేసు తిమ్మక్క భుజాలు నొక్కి కూర్చోబెట్టాడు. అతని బొటనవేళ్లు గాడుల మీద పడ్డాయి. ఆమె కేక పెట్టింది.

"ఆడ పట్టుకోవాకు!"

"ఏమైంది ఆడ?"

"పుండు. ఆర్నెల్ల నుంచి ఉండాది. నువ్వు సూల్యా. నీ ఎద్దు మెడ కమిలితే మాత్రం తెల్లారకముందే కాడికి గోనెపట్ట చుట్టినావు. దానికి వెడల్పు చేసినావు. నాకు నాలుగు వేళ్ల పట్టీ కుట్టిస్తే చించినావు."

"ఎద్దు దర్జీ ఇంటికి పోల్యా."

"ఎద్దును ఎవురూ కట్టేసి కొట్టరులే, కాడి బరువనిందని."

అతను వీపు మీద గుద్దాడు. నొప్పి ఉన్న చోటే తగిలింది. తిమ్మక్క ముందుకు వాలి నేల మీద చేతులు పెట్టింది. కాసేపు ఊపిరి తీసుకోలేకపోయింది.

గోడ అవతల పక్కింటివాళ్ల తలలు కనిపించాయి.

వాకిలి తడిక తోసుకుని రంజాన్ బీ వచ్చింది. చెప్పుల్లేవు. రవిక చేతి మీద, చీర కుచ్చిళ్ల మీద నెత్తురు ఎండి ఉంది. ఆమె నేరుగా ఓబుళేసు ముందుకు వచ్చి నిలబడింది.

"పదేండ్లు నిన్ను అన్నా అంటి. ఈ పొద్దు ఏరా అంటాండా. ఏరా, నా మొగుడు నీకేం చేసినాడురా?"

"ఇంటికి పో రంజాన్ బీ."

"ఏ ఇంటికి? మోచెయ్యి ఎముక బయటికి వచ్చిండాది. బండిలో ఏసి రాయదుర్గం పంపించి వస్తాండా. ఆ చెయ్యి మళ్లీ కత్తెర పట్టుకుంటాదో లేదో అల్లాకే తెలుసు. చెప్పురా, ఏం చేసినాడు?"

"నా పెండ్లాన్ని కొలిచినాడు."

"కొలిచింది నేను!"

గోడ అవతల గుసగుస ఆగిపోయింది.

"మా ఇంట్లో, తలుపేసుకొని, ఈ చేతుల్తో కొలిస్తి. నాకు టేపు అంకెలు రావు. దారంతో కొలిచి కొలతకొక ముడి ఏస్తి. భుజానికి ఒకటి, చుట్టుకొలతకు ఒకటి, కింది పట్టీకి ఒకటి. ఆ దారం సూసి నా మొగుడు గుడ్డ కత్తిరించినాడు. మనిషిని సూల్యా. తాను కొలవకుండా ఎట్ల కుట్టల్ల అని ఆయప్పే ఈ ఉపాయం చెప్పినాడు, నీ మర్యాద పోకూడదని!"

ఓబుళేసు చిరిగిన బాడీ వైపు చూశాడు.

"ఆ దారం తిమ్మక్క దగ్గరే పెట్టిస్తి. మళ్లీ కుట్టాలంటే పనికొస్తాదని. తీసకరా తిమ్మక్కా. ఆ చిరిగిన గుడ్డ పక్కన పెట్టి కొలుద్దాం. గోడెక్కిన పెద్దమనుషులు కూడా సూస్తారు."

తిమ్మక్క తల ఎత్తి మారెక్క వైపు చూసింది.

మారెక్క నేల చూసింది.

"ఏమక్కా?" అంది రంజాన్ బీ మారెక్కతో. "దారం యాడ?"

"అది..." మారెక్క ఆగింది. "దాని చీర మడతలో దొరికింది. ముడులు ఏసిండె. సాయిబుల ఇంటి దారం. దర్గాలో మంత్రించి కట్టింటారు, అందుకే దీని వీపు వంగిపోతాండాది అనుకుంటి. ఎవురైనా అదే అనుకుంటారు."

"యాడ పెట్టినావు?"

"నిమ్మకాయ కోసి, పసుపేసి, పొయ్యిలో ఏస్తి."

రంజాన్ బీ పొయ్యి వైపు చూసింది. చిరిగిన బాడీని చూసింది. ఆమె ఏడవలేదు. గొంతు తగ్గించి మాట్లాడింది.

"కుట్టినది చించితివి. కొలిచినది మీ అమ్మ కాల్చె. కుట్టిన చెయ్యి ఇరగ్గొడితివి. ఇంగ ఏం మిగిలింది ఓబుళేసూ? దీని వీపొకటి మిగిలింది. అది కాలుద్దామని కూచుంటిరా?"

ఓబుళేసు అప్పుడు తన చొక్కా చూసుకున్నాడు. నెత్తురు మరకను బొటనవేలితో రుద్దాడు. అది పోలేదు.

గోడ అవతల ఎవరో అన్నారు: "అయ్యో, ఊరికే కొట్టినాడే ఆ సాయిబును."

ఇంకెవరో నవ్వారు.

ఆ నవ్వు విని ఓబుళేసు తిరిగాడు. రంజాన్ బీ రెండు భుజాలు పట్టి తోశాడు. ఆమె తడిక మీద పడింది. తడిక విరిగింది. తిమ్మక్క లేచి అతని ముంజేయి కొరికింది. అతను చేయి విదిలించాడు. ఆమె వదల్లేదు. అతను రెండో చేత్తో ముఖం మీద కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ఆమె ముక్కులోంచి నెత్తురు కారి రవిక మీద పడింది.

"సాలు రా," అంది మారెక్క. "చంపుతావా ఏంది?"

"కమ్మి తీయి," అన్నాడు ఓబుళేసు తిప్పేస్వామితో. అతను రొప్పుతున్నాడు. "పెట్టు. ఇది అయిపోవల్ల."

"ఇంగ ఏంటికిరా?" అంది రంజాన్ బీ తడిక మీద నుంచి లేస్తూ. "మంత్రం లేదని తెలిసె కదా."

"వీపు నొప్పి ఉండాది కదా. నొప్పికే పెడతాం."

అతను ఆమె వైపు చూడలేదు. గోడ వైపు చూసి అన్నాడు.

తిప్పేస్వామి కమ్మి కదిలించి చూశాడు. కొస ఎర్రగా ఉంది. అతను లేచి గోచీ బిగించుకున్నాడు.

"ఓబుళేసూ, నేను ఒక మాట చెప్తా. మా తాత కాలం నుంచి ఉండేది. వాత ఊరికే పెట్టకూడదు. నొప్పి ఉన్న మనిషి నొప్పి ఉన్న చోట వేలు పెట్టి సూపించాల. ఆడే పెట్టాల. వేరేచోట పెడితే ఆ నొప్పి పెట్టినోనికి వస్తాది. మా చిన్నాయన అట్లనే చేయి పడిపోయి సచ్చినాడు. ముందు సూపించమను."

"సూపించు," అన్నాడు ఓబుళేసు.

తిమ్మక్క ముక్కు తుడుచుకుంది.

"సూపించవే."

"సూపించను."

అతను ఆమె చేయి మెలితిప్పి వెనక్కి వంచాడు. వేళ్లను ఆమె వీపుకు తాకించబోయాడు.

"అట్ల కాదు," అన్నాడు తిప్పేస్వామి. "తనే పెట్టాల. పట్టి పెట్టిస్తే అది నీ వేలు అవుతాది."

"ఇదేం పీడరా స్వామీ!"

"నా చేయి నాది. నీకేంబ్బా."

ఓబుళేసు పొయ్యి పక్కన ఉన్న కంది కట్టె తీసుకున్నాడు. మొదటి దెబ్బ పిరుదుల మీద పడింది. తర్వాతవి కాళ్ల మీద. వీపు మీద కొట్టలేదు. వాత పెట్టాల్సిన చోటు పగలకూడదు. ప్రతి దెబ్బకూ ఒకే మాట అడిగాడు. "సూపిస్తావా?"

గదిలో పిల్ల ఏడుపు ఆగలేదు. దాని ఏడుపుకు తిమ్మక్క రవిక పాలతో తడిసింది. అది చూసి మారెక్క ముఖం తిప్పుకుంది.

రంజాన్ బీ అడ్డం వచ్చింది. కట్టె ఆమె చేతి మీద పడింది. ఆమె పక్కకు పోయి చేయి పట్టుకుని కూర్చుంది. గోడ అవతల వాళ్లను చూసి అరిచింది. "మీకు చేతులు లేవా? సినిమా సూస్తాండారా?"

ఒక తల కిందికి దిగింది. మిగతావి అట్లనే ఉన్నాయి.

"సూపించు తల్లీ," అంది మారెక్క. "ఒక్క వాత. వాడు నిన్ను కొట్టి సంపుతాడు. ఒక్కటి పెట్టించుకుంటే వాని కోపం తీరుతాది. నేను కూడా అందుకే సూపిస్తి. మా మామ కోపం ఆగల్లని."

తిమ్మక్క ఆమెను చూసింది. "నడుంలో నొప్పి ల్యాకపోయె నీకు?"

మారెక్క చేయి తన నడుం మచ్చల మీదికి పోయింది.

కట్టె మళ్లీ లేచింది.

"సూపిస్తా," అంది తిమ్మక్క.

ఓబుళేసు కట్టె దించాడు. తిప్పేస్వామి కమ్మి నిప్పుల్లోంచి తీశాడు. దాని వేడికి ముందున్న గాలి కదిలింది.

తిమ్మక్క చేతులు నేల మీద ఆనించి లేచింది. నిలబడడానికి సమయం పట్టింది. వీపు పూర్తిగా నిటారు కాలేదు. చెంగు భుజం మీదికి లాక్కుంది. చూపుడువేలు ఎత్తి తన రొమ్ము మీద, రవిక తడిసిన చోట పెట్టింది.

"ఈడ."

తిప్పేస్వామి చేతిలో కమ్మి కిందికి వాలింది.

"వీపుదేం తప్పు లేదు. అది మోస్తాండాది, అంతే. బరువు ఈడ ఉండాది. ఇది లాగితేనే అది నొస్తాండాది. డాక్టరమ్మ చెప్పింది, నాకు కూడా తెలుసు. నొప్పి ఉన్న చోట పెట్టల్ల అంటివి కదా తిప్పన్నా. పెట్టు."

"ఆడ పెట్టరమ్మా," అన్నాడు తిప్పేస్వామి.

"ఏంటికి?"

"ఆడమనిషికి ఆడ పెట్టరు. వీపు సూపించు."

"వీపు నా వేలు సూపిచ్చల్యా. మీ తాత మాట తప్పుతావా? వేరేచోట పెడితే నొప్పి నీకు వస్తాదంటివే."

తిప్పేస్వామి కమ్మి పిడి చేతులు మార్చుకున్నాడు. ఓబుళేసును చూశాడు. "నువ్వు చెప్పప్పా. నీ ఇంటిది."

"అవును, నువ్వే చెప్పు," అంది తిమ్మక్క. "ఈడ పెట్టమని నీ నోటితో చెప్పు. గోడ మీద ఇంతమంది ఉండారు, వినల్ల. ల్యాకుంటే ఇప్పుడే రాయదుర్గం పో. దాదాపీరన్న మంచం కాడ నిలబడి, తప్పు చేస్తి అని చెప్పు. రెండింట్లో ఒకటి."

గోడ అవతల ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఓబుళేసు దవడ కదిలింది. అతను ఒక అడుగు వేసి తిప్పేస్వామి చేతిలోంచి కమ్మి లాక్కున్నాడు.

"ఓబుళేసూ!" తిప్పేస్వామి వెనక్కి జరిగాడు. "నేను ల్యా దీంట్లో. నేను ల్యా."

మారెక్క కొడుకు ముంజేయి రెండు చేతులా పట్టుకుంది. కోడలు కొరికిన చోటే పట్టుకుంది.

"ఒద్దురా. పిల్ల పాలు తాగే చోటురా అది. నిన్ను కూడా అట్లనే పెంచితిని. ఇడువు. నా వీపు మీద పెట్టు, కాలుద్దువు గానీ, దాన్ని ఇడువు."

అతను చేయి విసిరాడు. మారెక్క వెనక్కి పోయి పొయ్యి రాళ్ల మీద పడింది. నిప్పులు చెదిరాయి. ఆమె చీర చెంగుకు నిప్పు అంటుకుంది. రంజాన్ బీ కుండలోని నీళ్లు తీసుకుని పరిగెత్తింది.

ఓబుళేసు తల్లి వైపు తిరగలేదు. కమ్మి పట్టుకుని తిమ్మక్క ముందు నిలబడ్డాడు.

తిమ్మక్క వేలు తీయలేదు.